కొయ్యకాళ్ల మడి డైరీ: వానాకాలం కోత నుంచి యాసంగి పిలకల దాకా

అక్టోబరు చివర, మడుల పంపకం

మా పొలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు. పైన చెలక, అంటే తొందరగా ఆరిపోయే ఎర్ర నేల, కింద నల్లరేగడి. ఈ 2024 వానాకాలంలో సన్నాలకు, అంటే సన్నరకం వడ్లకు, క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అనేసరికి ఊరంతా సన్నాలే పెట్టింది. మేమూ ఆర్‌ఎన్‌ఆర్ 15048 వేశాం. అందరి చేలూ ఇంచుమించు ఒకే పక్షంలో కోతకొస్తాయి. కోతలు మొదలయ్యాక సాయంత్రాలు రోడ్డు మీద బండి నడపాలంటే గడ్డి కాల్చే పొగకు కళ్లు మండుతాయి.

కోతకూ యాసంగి నాట్లకూ మధ్య దొరికేది నెల, మహా అయితే నెలా పదిహేను రోజులు. ఆలోగా మిషన్ వదిలిన గడ్డినీ, కోశాక నేలలో నిలిచిన మొదళ్లను, అంటే కొయ్యకాళ్లనూ ఏం చేయాలన్నదే ఏటా తగువు. కట్టలు కట్టించి అమ్మితే వరుసలో పడ్డ గడ్డి పోతుంది, కొయ్యకాళ్లు ఉండనే ఉంటాయి. అగ్గి పెడితే గంటలో పని తెమిలిపోతుంది. మూడో దారి, గడ్డిని మట్టిలోనే కుళ్లబెట్టడం. దానికి సూక్ష్మజీవుల మందులు వచ్చాయని, పోస్తే చాలని ఫోన్లలో వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి.

మందు పోస్తే గడ్డి కుళ్లుతుందా అన్నది నా ప్రశ్న కాదు. మందు పోయకపోయినా గడ్డి ఏదో ఒకనాటికి కుళ్లుతుంది. నాట్లు పడే లోపు, నారు దెబ్బతినకుండా ఉండేంత కుళ్లుతుందా, అందులో మందు వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత, దుక్కి వాటా ఎంత? ఇది తేలాలని చెలకలో పది గుంటల చొప్పున నాలుగు మడులు విడదీశాను.

మొదటిది క్యాప్సూల్ మడి: ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా డీకంపోజర్. రెండోది డ్రమ్ము మడి: ఘజియాబాద్ జాతీయ సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ కేంద్రం వాళ్ల వేస్ట్ డీకంపోజర్, 20 రూపాయల సీసా, మన రైతులు చాలామందికి తెలిసిందే. మూడోది ఎరువు మడి: ఇందులో మందేదీ లేదు, యూరియా, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మాత్రమే. నాలుగోది ఉత్త మడి: నీళ్లు, రోటవేటర్, అంతే. మొదటి రెండింటికీ కూడా మూడోదానికి వేసినంతే యూరియా, సూపర్ వేస్తాను. అట్లా అయితేనే తేడా వస్తే అది మందుదని అనగలం. వీడియోల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. మందు పోసిన మడినే చూపిస్తారు, పక్కన పోయని మడి కనిపించదు.

ఇవి కాక కింద నల్లరేగడిలో ఒక మడికి కూడా క్యాప్సూల్ నీళ్లు పోద్దామనుకున్నాను. అక్కడ కాలువ ఊట ఉంటుంది. తడి ఆరని నేలలో ఏమవుతుందో చూడాలి.

మిగతా పొలం గడ్డి కట్టలకే. "మరి బర్రెలకు నీ డ్రమ్ము నీళ్లు పెట్టాల్నా?" అని నాయన అడిగిన తర్వాత కుదిరిన ఒప్పందం అది.

నవంబరు మొదటి వారం, కోత

చైన్ల మీద నడిచే కోత మిషన్ వచ్చింది. మిషన్‌కు గంటల లెక్కన కిరాయి. కిందికి కోస్తే లోపలికి పోయే గడ్డి ఎక్కువై బండి నెమ్మదిస్తుంది కాబట్టి డ్రైవర్లు మోకాలెత్తున కోసుకుంటూ పోతారు. నా నాలుగు మడుల్లో జానెడెత్తుకు కోయమని, ఎక్కువైన సమయానికి డబ్బులిస్తానని ముందే మాట్లాడుకున్నాను. పంజాబ్‌లో మిషన్ వెనకే గడ్డిని ముక్కలు చేసి వెదజల్లే అమరిక పెట్టాలని నిబంధన తెచ్చారు. మన దగ్గర తిరిగే మిషన్లకు అది కనబడదు. గడ్డంతా ఒకే వరుసలో దిబ్బగా పడుతుంది. ఆ వరుస కింద నేల తడిగా, రెండు వరుసల మధ్య నేల ఎండిపోయి ఉంటుంది. మందు అయినా నీళ్లయినా దాని మీద సమంగా పడవు. ఇద్దరు కూలీలను పెట్టి పంగల కర్రలతో పరిపించాను. ఈ ఒక్క పనికే మందు ఖరీదుకు ఎన్నో రెట్లు అయింది.

గడ్డి ఎంత ఉంటుందని లెక్కేశాం. వరిలో గింజ ఎంతో గడ్డి కూడా ఇంచుమించు అంతే. అంటే ఎకరాకు రెండు టన్నులకు తగ్గదు. టన్ను వరిగడ్డిలో నత్రజని 5 నుంచి 8 కిలోలు, భాస్వరం రెండు కిలోల అటూ ఇటూ, పొటాష్ 14 నుంచి 20 కిలోలు ఉంటాయి. సిలికా అయితే 40 కిలోల పైమాటే. గడ్డి తొందరగా మెత్తబడకపోవడానికి ఆ సిలికా ఒక కారణం, కణాల గోడల్లో సెల్యులోజ్‌ను పట్టి ఉంచే లిగ్నిన్ ఇంకో కారణం.

ఇక్కడ ఒక మాట. గోడ పోస్టర్ల మీద "కాలిస్తే పొటాష్ అంతా బూడిద పాలు" అని రాస్తారు. బూడిదలోనే కదా పొటాష్ మిగిలేది! కాల్చినప్పుడు నత్రజని దాదాపు మొత్తం గాల్లో కలుస్తుంది. భాస్వరం నాలుగో వంతు, పొటాష్ ఐదో వంతు మాత్రమే పోతాయి. అసలు నష్టం నత్రజనిది, దాని వెంట పోయే కర్బనానిది. కాల్చొద్దని చెప్పడానికి ఉన్న నిజం చాలు, లేనిది కలిపితే బూడిద చేతిలో పట్టుకున్న రైతు నమ్మడు.

కోతకు ముందు నుంచి, పెంపకం

క్యాప్సూల్ ద్రవం కోత కంటే ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే తయారవడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. పద్ధతి ఇది: 5 లీటర్ల నీళ్లలో 150 గ్రాముల బెల్లం వేసి మరగబెట్టి, పైన తేలిన మురికి తీసేసి, గోరువెచ్చగా ఆరాక 50 గ్రాముల శనగపిండి కలిపి, నాలుగు క్యాప్సూళ్లు విప్పి పొడి వేయాలి. వెడల్పాటి టబ్బులో పోసి పలుచటి గుడ్డ కప్పి, వెచ్చని చోట కదపకుండా ఉంచాలి. పైన బూజు తెట్టు కట్టాక రెండు మూడు రోజులకోసారి 5 లీటర్ల బెల్లం నీళ్లు చల్లార్చి పోస్తూ 25 లీటర్లకు తేవాలి. అది రెండున్నర ఎకరాలకు సరిపోతుంది, ఎకరాకు 10 లీటర్లు.

మూలకు ఉన్న పశువుల కొట్టంలో పెట్టాను టబ్బు. మొదట రెండు రోజులు ఏమీ లేదు, శనగపిండి అడుగుకు దిగి పైన పసుపు నీళ్లు. ఆ తర్వాత అంచుల వెంబడి తెల్లటి పొర మొదలైంది. ఇంకో రెండు రోజులకు అది మధ్యకు పాకి, మీద పచ్చటి, బూడిద రంగు మచ్చలు లేచాయి. ఒకచోట మాత్రం నల్లటి పొడి రాలినట్టు ఉంది. కర్రతో అంచు ఎత్తి చూస్తే తెట్టు అట్టముక్కలా మొత్తం ఒకటిగా లేచింది, అడుగున జిగట. వాసన పుట్టగొడుగులదే, కుళ్లు లేదు. ఇందులో ఉండేవి బూజు జాతులు, ఒకటి కాదు, కొన్ని కలిసినవి. ఒకటి సెల్యులోజ్‌ను కొరికితే ఇంకొకటి లిగ్నిన్ పని చూస్తుందన్నది తయారీదారుల ఉద్దేశం. రంగులు రకరకాలుగా రావడం సహజమే. గులాబీ రంగో, కుళ్లిన వాసనో వస్తే పారబోయడమే.

డ్రమ్ము పని తేలిక. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం కరిగించి, సీసాలోది చేత్తో ముట్టకుండా వేసి, రోజూ రెండుసార్లు కర్రతో తిప్పాలి. వారంలోపు పైన నురగ, మీగడ రంగు వస్తుంది. ఎకరాకు మొత్తం 200 లీటర్లు. అందులోంచి 20 లీటర్లు తీసి కొత్త డ్రమ్ములో వేసి మళ్లీ మళ్లీ పెంచుకోవచ్చని చెప్తారు. మా ఊళ్లో ఇట్లా డ్రమ్ము నుంచి డ్రమ్ముకు సాగుతూనే ఉంది, ఒకాయన దగ్గర మూడేళ్ల కింద సీసాతో మొదలైన డ్రమ్ము ఇంకా నడుస్తోంది. అందులో ఇప్పుడు ఉన్నది మొదట వేసినదేనా అంటే నాకు నమ్మకం లేదు. మూత తీసిన డ్రమ్ములోకి గాల్లోవి, నీళ్లలోవి ఎన్నో దిగుతాయి, బెల్లం ఎవరికైనా తీపే. అందుకే నేను కొత్త సీసాతోనే చేశాను.

ప్యాకెట్ మందులు కొనేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. ట్రైకోడెర్మా అనే బూజు పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల బతికున్న బీజాలు ఉండాలన్నది ప్రమాణం. మన కంటికి అది తెలియదు. ఉడికించి చల్లార్చిన గుప్పెడు అన్నం శుభ్రమైన సీసాలో వేసి, చిటికెడు పొడి చల్లి, వదులుగా మూత పెట్టాలి. నాలుగైదు రోజుల్లో అన్నం మీద ముదురు పచ్చటి బూజు లేవాలి. ఒక దుకాణంలో ఎండ తగిలే అరలో పెట్టి అమ్ముతున్న ప్యాకెట్ తెచ్చి ఇట్లా వేస్తే అన్నం పాచిపోయింది తప్ప పచ్చదనం రాలేదు. వీటికి గడువు తేదీ ఒక్కటే కాదు, ఎక్కడ ఉంచారన్నదీ ముఖ్యం.

నవంబరు రెండో వారం, పోసిన రోజు

ముందు రాత్రే బోరు నీళ్లతో నాలుగు మడులకూ పలుచటి తడి ఇచ్చాం. నీళ్లు నిలవకూడదు, గడ్డి నానాలి. సాయంత్రం ఎండ తగ్గాక పిచికారీ. క్యాప్సూల్ ద్రవాన్ని గుడ్డలో వడగట్టాం, లేకపోతే తెట్టు ముక్కలు నాజిల్‌లో అడ్డం పడతాయి. ఎకరాకు 10 లీటర్ల ద్రవం 200 లీటర్ల నీళ్లలో కలపాలి. మా పది గుంటలకు అందులో నాలుగో వంతు. డ్రమ్ముది అట్లాగే బకెట్లతో చల్లాం.

పంపు విషయం గట్టిగా చెప్పాలి. వానాకాలంలో అగ్గి తెగులుకు, పొట్టకుళ్లుకు కొట్టిన మందులన్నీ బూజును చంపేవే. ట్రైసైక్లజోల్, ప్రొపికొనజోల్ కొట్టిన అదే తైవాన్ పంపులో బూజు ద్రవం పోస్తే సగం డబ్బు ట్యాంకులోనే చచ్చిపోతుంది. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, పైపులోంచి కూడా నీళ్లు వదిలాకే పోయాం.

యూరియా ఎకరాకు 10 కిలోల లెక్కన, సూపర్ బస్తా లెక్కన చల్లాం. ఈ యూరియా ఎందుకంటే, వరిగడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. గడ్డిని తినే సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసిన నత్రజని గడ్డిలో దొరక్క మట్టిలోంచి లాక్కుంటాయి. అప్పుడే నాటిన నారుకు అది దక్కదు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని ఉండేది 20 కిలోలు పైచిలుకు. రెండు టన్నుల గడ్డి ఆకలి మొత్తం తీర్చాలంటే దాదాపు బస్తా కావాలి. అంత వేస్తే చేతి డబ్బులు పోవడమే కాక, నీళ్లు పెట్టాక గాల్లోకి పోయేదీ ఎక్కువ. పది కిలోలు అంటే మొదలుపెట్టడానికి మాత్రమే. మిగతాది నాట్ల తర్వాత వేసేదాంట్లో కాస్త ముందుకు జరుపుకోవాలని అనుకున్నాం.

మర్నాడు పొద్దున పదును చూసి రోటవేటర్ పెట్టాం. నాలుగు వేళ్ల లోతు చాలు. లోతుకు పోతే కింద గాలి ఆడదు. ఒక సాలు సరిపోలేదు, పొడుగు గడ్డి బ్లేళ్లకు చుట్టుకుంది, ఆపి కొడవలితో కోయాల్సి వచ్చింది. అడ్డంగా ఇంకో సాలు వేశాక మట్టీ గడ్డీ కలిశాయి.

పక్క పొలం మామ ఒడ్డు మీద కూర్చుని అంతా చూశాడు. "ఏందల్లుడూ, గడ్డికి బెల్లం తాపుతున్నవా? అగ్గిపుల్ల గీస్తే గంటల తెల్లగైతది. నువ్వు నెల రోజులు సేవ చేస్తవా దానికి?" అన్నాడు. ఆయన పొలం అప్పటికే నల్లగా ఉంది. "నీ బూడిదల మొగి పురుగు చావలే మామా, కొయ్య మొదట్ల దాక్కుంది" అంటే నమ్మలేదు. నా మడిలోంచి రోటవేటర్ చీల్చిన కొయ్యకాలు ఒకటి తీసి విప్పి చూపించాను. లోపల పాలిపోయిన లార్వా కదులుతోంది. ఆయన చేల్లో పై గడ్డి కాలింది గానీ తడి మొదళ్లు పచ్చిగానే ఉన్నాయి. అక్కడా ఒకటి దొరికింది. యాసంగిలో మొగి పురుగుకు గుళికలు కొనే ముందు ఇవి గుర్తుకు రావాలి.

నవంబరు మూడు, నాలుగు వారాలు

నేల ఆరిపోకుండా, నీళ్లు నిలవకుండా చూసుకోవడమే పని. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. చెలక తొందరగా ఆరుతుంది కాబట్టి మూడు తడులు పెట్టాల్సి వచ్చింది. బోరు ఉంది కాబట్టి కుదిరింది. సాగర్ నీళ్లు వదిలే తేదీ మీద ఆధారపడ్డవాళ్లకు ఈ పద్ధతి ఎట్లా కుదురుతుందో నాకు తోచలేదు.

వారానికే మట్టి కదిలిస్తే గడ్డి ముక్కల మీద తెల్లటి దారాలు కనిపించాయి. నాలుగు మడుల్లోనూ! ఉత్త మడిలో కూడా. డ్రమ్ము మడి ఒడ్డు దగ్గర గడ్డి దిబ్బగా మిగిలిన చోట సన్న కాడ పుట్టగొడుగులు గుంపుగా లేచి, మధ్యాహ్నానికి నల్లటి సిరాలా కరిగిపోయాయి. గ్రాము మట్టిలోనే కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి, గడ్డి కోతకు రాకముందే దాని మీద బూజు బీజాలు ఉంటాయి. మనం పోసే రెండున్నర లీటర్లు అక్కడ ఉన్న ఊరికి కొత్తగా వచ్చి చేరిన నాలుగు కుటుంబాలు మాత్రమే.

అనుకోని లాభం ఒకటి. కోతలో రాలిన గింజలు ఈ తడికి పచ్చగా మొలిచాయి. దమ్ములో, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి మడిని బురద చేసేటప్పుడు, అవన్నీ మట్టిలో కలిసిపోతాయి కాబట్టి యాసంగిలో వేసే కేఎన్ఎమ్ 118 రకం వరిలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, తగ్గుతాయి. విత్తనానికి ఉంచుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నల్లరేగడి మడి సంగతి వేరు. కాలువ ఊటతో అక్కడ రోటవేటర్ దిగిన గాళ్లలోనే నీళ్లు నిలిచాయి. తెల్ల దారాలు లేవు. గడ్డి నల్లబడింది గానీ విరిస్తే పుల్లలా టప్పున విరగలేదు, సాగింది. అంటే నానింది, కుళ్లలేదు. కాలు పెడితే బుడగలు, మురిగిన కోడిగుడ్డు వాసన.

నీళ్లు నిలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ప్రాణవాయువు అయిపోతుంది. ఈ బూజు జాతులు గాలి లేకుండా పని చేయలేవు. వాటి స్థానంలో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా దిగుతాయి. అవి ముందు నైట్రేటును, తర్వాత మాంగనీసు, ఇనుము, ఆపైన గంధకపు లవణాలను వాడుకుంటాయి, చివరికి మీథేన్ వస్తుంది. ఆ గంధకం దశలో పుట్టేదే కోడిగుడ్డు వాసన. అందుకే ఈ మడికి సూపర్ వేయలేదు. అందులో భాస్వరం 16 శాతంతో పాటు గంధకం కూడా ఉంటుంది, ఇట్లాంటి నేలలో అది అగ్నికి ఆజ్యం.

పూసా ద్రవం తయారుచేసినప్పుడు వాళ్ల కళ్ల ముందు ఉన్నది పంజాబ్, హర్యానా. అక్కడ వరి తర్వాత గోధుమ. గోధుమ ఆరుతడి పంట, నేలలో గాలి ఆడుతూనే ఉంటుంది. వాళ్లకు టైము తక్కువ, మూడు వారాలే. మనకు ఇంకాస్త ఎక్కువ టైము ఉంది గానీ ఆ తర్వాత మళ్లీ వరే, మళ్లీ నిలవ నీళ్లే. వాళ్ల దగ్గర విత్తాక కూడా సాగే కుళ్లు, మన దగ్గర దమ్ము రోజున తీరు మార్చుకుంటుంది. కాబట్టి మనం చేయగలిగిందంతా దమ్ముకు ముందే చేయాలి. అక్కడి సూచనను యథాతథంగా ఇక్కడికి తెస్తే లాభం లేదు.

డిసెంబరు రెండో వారం, సంచుల తూకం

మొదటి రోజే దోమతెర గుడ్డతో చిన్న సంచులు కుట్టించి, ఒక్కోదాంట్లో ఎండిన గడ్డి ముక్కలు 50 గ్రాములు పోసి, మడికి మూడు చొప్పున నాలుగు వేళ్ల లోతున పాతాను. ఒడ్డు వెంబడి దున్నకుండా వదిలిన చారికలో మూడు సంచులు నేల మీదనే పెట్టాను. గుర్తుకు వెదురు పుల్లలు. ఇప్పుడు తీసి, జల్లెడ మీద మట్టి కడిగి, ఎండబెట్టి వంటింటి త్రాసు మీద తూచాం. పొలంలో చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి, తూకం లేకపోతే ఎవరి ఇష్టం వాళ్లది.

క్యాప్సూల్ మడిలో మిగిలింది 30 గ్రాముల దగ్గర. డ్రమ్ము మడిలో 31. మందు లేని ఎరువు మడిలో 31, 32. ఒకే మడిలోని మూడు సంచుల మధ్యే రెండు మూడు గ్రాముల తేడా ఉంది. అంటే మందు వల్ల ఒక గ్రాము ఎక్కువ కుళ్లిందని నేను అనలేను. ఉత్త మడిలో 36. దున్నకుండా పైన పెట్టిన సంచుల్లో 45. నల్లరేగడిలో 40.

ఒక్క పొలం, ఒక్క కాలం లెక్క ఇది. అయినా వరుస స్పష్టంగానే ఉంది. నేలలో కలపడం, తడి, నిలవ నీళ్లు లేకపోవడం మొదట. తర్వాత నత్రజని. ఆ తర్వాతే మందు. గడ్డిని వరుసలోనే వదిలేసి, ఎండిన నేల మీద మందు కొట్టి, నాట్ల నాటికి కుళ్లలేదని మందును తిట్టేవాళ్లూ, నీళ్లు పెట్టి రెండు సాళ్లు దున్ని, కుళ్లిన ఘనత అంతా మందుకిచ్చేవాళ్లూ మా దగ్గర ఇద్దరూ ఉన్నారు.

మందు పనికిరాదని మాత్రం అనను. ఎన్నేళ్లుగానో కాలుస్తూ, పశువుల ఎరువు ఎరగని నేలలో పరిస్థితి వేరు కావచ్చు. మా చెలకకు నాయన ఏటా గొర్ల మంద పెట్టిస్తాడు, అక్కడ కుళ్లబెట్టే జీవాలకు కరువు లేదు. దిబ్బగా పోసి కంపోస్టు చేసేటప్పుడు కూడా ద్రవం ఉపయోగం బాగా కనిపిస్తుంది, అక్కడ వేడి, తడి, గాలి మన చేతుల్లో ఉంటాయి కాబట్టి.

డిసెంబరు చివర, దమ్ము, నాట్లు

కేజ్‌వీల్స్‌తో దమ్ము. మూడు మడుల్లో గడ్డి బురదలో కలిసిపోయింది. ఉత్త మడిలో తేలిన గడ్డి గాలి వాలుకు ఒక మూలన చాప పరిచినట్టు చేరింది, గంపలతో ఎత్తి ఒడ్డు మీద వేశాం. నల్లరేగడిలో ఇంకా ఎక్కువ. నాట్లు వేసేందుకు వచ్చిన బిహార్ కుర్రాళ్లు అక్కడ వేళ్లకు పుల్లలు గుచ్చుకుంటున్నాయని గొణిగారు, కుదుళ్లు సరిగా నిలవడం లేదని రెండోసారి సరిచేయాల్సి వచ్చింది.

దమ్ముకూ నాట్లకూ మధ్య వారం ఆగమని నేనన్నాను. కూలీలు దొరికిన రోజే నాటాలని నాయన. నాలుగు రోజులకు ఒప్పుకున్నాడు. కుళ్లే గడ్డి నీళ్లలో వదిలే ఆమ్లాలు మొదట్లో ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతాయి. ఎన్ని రోజులు ఆగగలిగితే నారుకు అంత మేలు.

జనవరి రెండో వారం

ఉత్త మడిలో నారు పసుపు తిరిగింది. నల్లరేగడిలో పసుపుతో పాటు ఎదుగుదల ఆగింది. మొక్క పీకి చూస్తే తేడా చేతికే తెలిసింది. ఉత్త మడి మొక్క వేళ్లు తెల్లగా, కొసలు గోధుమరంగులో ఉన్నాయి. ఇది నత్రజని చాలకపోవడం. నల్లరేగడి మొక్క వేళ్లు నల్లగా, మెత్తగా, ముక్కు దగ్గర పెడితే అదే కోడిగుడ్డు వాసన. ఇది సల్ఫైడ్ దెబ్బ. రెండూ పైకి పసుపే. ఊళ్లో రెండింటికీ కలిపి జింకు, ఇంకేవో గుళికలు అమ్ముతున్నారు.

ఉత్త మడికి యూరియా ఇచ్చాం, వారంలో తేరుకుంది. నల్లరేగడికి యూరియా ఇవ్వలేదు, ఇచ్చినా నల్లబడ్డ వేళ్లు తీసుకోలేవు. గట్టు తెంపి నీళ్లు పూర్తిగా తీసేసి, పైన సన్నటి నెర్రెలు పడేదాకా ఆరబెట్టాం. ఊట వల్ల మధ్య భాగం ఆరనే లేదు. ఒడ్డు వెంట గజం లోతు కాలువ తవ్వాక గానీ దారికి రాలేదు. తెల్ల వేళ్లు కొత్తగా పుట్టడం చూశాకే నీళ్లు, యూరియా.

క్యాప్సూల్, డ్రమ్ము, ఎరువు మడులు మూడూ ఒకే పచ్చ. ఒడ్డు మీద నిలబడి ఏది ఏదో చెప్పమంటే పక్క పొలం మామ మూడుసార్లూ తప్పు చెప్పాడు, నేను కూడా వెదురు పుల్లలు చూసి చెప్పినవాడినే.

ఫిబ్రవరి, పిలకల దశ

పిలకలకు వచ్చేసరికి ఉత్త మడి మిగతావాటిని అందుకుంది. నల్లరేగడి మడి వెనకబడే ఉంది. గడ్డిలోని పొటాష్ ఏ పదార్థంలోనూ బిగుసుకుని ఉండదు, నీళ్లు తగిలితే చాలు, కొద్ది వారాల్లోనే మట్టిలోకి దిగిపోతుంది. ఆ లెక్కన పైపాటు పొటాష్ తగ్గించవచ్చు గానీ, ఈసారి తగ్గించలేదు. ముందు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి మట్టి నమూనా ఇచ్చి చూసి, వానాకాలానికి నిర్ణయిద్దామని. సేంద్రియ కర్బనం ఒక్క పంటకు కదలదు, దానికోసం చూడను.

ఖర్చు నోటుబుక్కులో ఉంది. మందుల ఖరీదు, బెల్లంతో కలిపి, అన్నిటికన్నా చిన్న అంకె. గడ్డి పరిపించిన కూలి, రోటవేటర్ రెండో సాలు కిరాయి పెద్దవి. మిషన్ వెనక గడ్డి వెదజల్లే అమరిక ఉంటే మొదటిది పూర్తిగా తప్పుతుంది. అట్లాంటి మిషన్ తెస్తే గంటకు ఎక్కువైనా ఇస్తామని మేం నలుగురైదుగురం కలిసి మిషన్ యజమానికి చెప్పి పెట్టాం.

యాసంగి కోత తర్వాత ఇదేదీ చేయను. ఏప్రిల్, మే ఎండల్లో నేలకు తడి పెట్టేంత నీళ్లు బోర్లో ఉండవు, ఎండు గడ్డి మీద ఏ ద్రవం పోసినా లాభం లేదు. ఆ గడ్డి మొత్తం కట్టలకే, కొయ్యకాళ్లు మొదటి వానల దాకా అట్లాగే. వచ్చే నవంబరుకు క్యాప్సూల్ మడి, ఎరువు మడి రెండే ఉంచి, మడికి ఆరు సంచులు పాతుతాను. ఈసారి ఒక జత మా చెలకలో, ఇంకో జత ఏటా కాల్చే మామ పొలంలో. ఆయన రెండు గుంటలు ఇస్తానన్నాడు, బెల్లం మాత్రం నాదే.